జపాను ఇంటర్నెట్ కేఫులలో పొగత్రాగు మర్యాద

ఇల్లు కాలి యొకడు ఏడ్చుచుండగా, చుట్టకు నిప్పు కావలెనని వేరొకడు వచ్చెనట. ఈ సామెత యెరుగని తెలుగువారు ఉండరు. పొగత్రాగువాని తొందర ఎదుటివాని కష్టమును కాననీయదని మన పెద్దలు ఏనాడో కనిపెట్టి, నవ్వుచునే మందలించిరి. అయితే ఈ సామెతలోని ఇద్దరును ఒకరికొకరు కనిపించుచున్నారు. ఏడ్చువాడు ఎదుటనే ఉన్నాడు. ఎదుటి మనిషి కనబడనే కనబడని చోట, సన్నని పలకగోడకు ఆవల ఎవరున్నారో తెలియని చోట, పొగత్రాగువాని మర్యాద ఎట్లుండవలెను? ఈ ప్రశ్నకు జపానుదేశమువారు తమ ఇంటర్నెట్ కేఫులలో చాలకాలము సమాధానము వెదకిరి. దానిని గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిమి. చదువులకును, ఉద్యోగములకును జపానుకు పోవు తెలుగు యువకులు ఇప్పుడు ఉన్నారు గనుక, వారికిని, ఇంట నున్న వారి తలిదండ్రులకును ఈ సంగతులు అక్కరకు రాగలవు.

జపాను ఇంటర్నెట్ కేఫు మన ఊళ్ళలో ఒకప్పుడు వీధివీధిన వెలసిన ఇంటర్నెట్ దుకాణము వంటిది కాదు. దాని తల్లి 'మాంగా కిస్సా'. మాంగా యనగా బొమ్మల కథలు. కిస్సా యనగా తేనీరు, కాఫీ దొరకు దుకాణము. ఏదో ఒక పానీయము పుచ్చుకొనుచు గంటలకొలది బొమ్మల కథలు చదువుకొనుటకు ఏర్పడిన ఈ దుకాణములలోనికి పిమ్మట కంప్యూటర్లు వచ్చి చేరినవి. లోపల అడుగిడినచో నేలనుండి కప్పువరకు పుస్తకముల అరలు కనబడును. వాని వెనుక వరుసలు వరుసలుగా చిన్నచిన్న గదులు. గదులనుటకంటె దడులు కట్టిన అరలనుట న్యాయము; ఏలననగా చాలవాటిలో అడ్డుగోడలు పైకప్పును అంటవు. ఒక్కొక్క అరలో ఒక కంప్యూటరు, ఒక వాలుకుర్చీ యుండును. కొన్నిటిలో కుర్చీకి మారుగా నేలపై మెత్తని పరుపుండును. అందులోనికి చెప్పులు విడిచియే పోవలెను. పానీయములు ఎవరికి కావలసినవి వారే యంత్రమునుండి పట్టుకొనవచ్చును. స్నానపు గదులు గల దుకాణములును కలవు. రుసుము గంటల లెక్కను పుచ్చుకొందురు. రాత్రియంతయు ఉండువారికి వేరుగా ఒక మొత్తపు ధర కలదు. చివరి రైలు తప్పినవానికి తెల్లవారువరకు అదియే సత్రము. టోక్యో నగరమున 2010 జూలైనుండి అమలులోనున్న నిబంధన ప్రకారము, గుర్తింపు పత్రము చూపి పేరు, చిరునామా రుజువు చేసికొనినగాని అచ్చట కంప్యూటరు వాడుకొననియ్యరు.

ఇక్కడ మాటలలో ఒక చమత్కారము కలదు. జపాను లిపిలో 'కిస్సా' యను మాటకు మొదటి అక్షరమేదో, ధూమపానమునకు వారు వాడు 'కిత్సుయెన్' అను మాటకును మొదటి అక్షరము అదియే. లోనికి పుచ్చుకొనుట యని దాని భావము. మనమును కాఫీ త్రాగుదుము, చుట్టయు త్రాగుదుము. రెండు భాషలును పానీయమును పొగను ఒకే పంక్తిని కూర్చుండబెట్టినవి. కాని త్రాగిన కాఫీ త్రాగినవాని కడుపులోనే నిలుచును. పొగ అట్లు నిలువదు. అది ప్రక్కవానికి కూడ వంతు పెట్టును. వాడు వలదన్నను పెట్టును. పొగత్రాగు మర్యాదకు సంబంధించిన చిక్కంతయు ఈ ఒక్క భేదమునందే యున్నది.

2020వ సంవత్సరమునకు పూర్వము ఈ దుకాణములలోనికి పోయినవానిని గుమాస్తా తప్పక అడుగు ప్రశ్న యొకటి యుండెడిది: "పొగత్రాగు వైపు కావలెనా, త్రాగని వైపు కావలెనా?" త్రాగు వైపున అరలోనే యాష్‌ట్రే పెట్టియుంచెడివారు. కంప్యూటరు ముందు కూర్చుండి కావలసినన్ని సిగరెట్లు కాల్చుకొనవచ్చును. కొన్ని దుకాణములలో ఈ రెండు వైపులకు నడుమ అద్దపు తలుపుండెడిది. కొన్నిట నడవ మాత్రమే సరిహద్దు. గాలికి ఆ సరిహద్దు తెలియదు గదా!

ఆ కాలమున ఒక నగరములో చివరి రైలు తప్పి, మేమును అట్టి దుకాణమొకదానిలో రాత్రి గడపితిమి. అప్పటికి మాకు సిగరెట్టు అలవాటు కలదు. త్రాగు వైపున అర పుచ్చుకొని, నిబంధనలకు లోబడియే కాల్చుచుంటిమి. రెండవ సిగరెట్టు ముట్టించునప్పటికి గోడకు ఆవలినుండి చిన్న దగ్గు వినవచ్చినది. గట్టి దగ్గు కాదు. నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొని దగ్గినట్టి దగ్గు. తానే కోరి ఈ వైపునకు వచ్చినవాడు గదా యని మనస్సునకు సర్దిచెప్పుకొని, మూడవదియు కాల్చితిమి. తెల్లవారుజామున కాఫీకై లేచి పోవగా, గుమాస్తాయెదుట కోటు మడతపడిన యువకుడొకడు నిలిచియుండెను. త్రాగని వైపు నిండిపోయినందున అతనికి ఈ వైపున చోటిచ్చిరనియు, అటు ఎవరైన లేచిపోయినచో తనను మార్పుమని అతడు రాత్రినుండి అడుగుచుండెననియు వారి మాటలవలన గ్రహించితిమి. అతడు మా ప్రక్క అరలోనివాడే. మమ్ము దాటిపోవుచు తల వంచి నమస్కరించెను. ఒక్క మాటయు అనలేదు. నిబంధన ప్రకారము మాయందు తప్పు లేదు. అయినను నాటి దగ్గు మా చెవినుండి నేటికిని పోలేదు.

జపానువారు మర్యాదకు పేరుపడినవారు గదా, మరి వారికి ఇట్టి చిక్కు ఎట్లు వచ్చినదని మీరడుగవచ్చును. పొగాకు ఆ దేశమునకు 16వ శతాబ్దపు చివర ఐరోపావారి ఓడలతో వచ్చినది. 17వ శతాబ్దపు ఆరంభమున తొకుగావా ప్రభువులు దానిని పలుమారులు నిషేధించియు నిలుపజాలకపోయిరి. పిదప అది గౌరవ మర్యాదలలోనికే ప్రవేశించినది. ఇంటికి వచ్చిన అతిథి యెదుట నిప్పుకుండయు, సన్నని పొడుగుపాటి గొట్టమును అమర్చిన పళ్ళెము నుంచుట గృహస్థుని ధర్మమైనది. మన యిండ్ల తాంబూలపు పళ్ళెమువంటిదే అది. ఆ మర్యాద ఎదురెదురుగ కూర్చుండినవారి మర్యాద. అతిథి ముఖము చూచుచు పళ్ళెమును ముందునకు జరుపవచ్చును, వెనుకకు తీయవచ్చును. అరల దుకాణములో చూచుటకు ముఖము లేదు. అందుచేత ఆ పాత మర్యాద అక్కడ పనిచేయుటకు ఆధారము లేకపోయినది.

మరియొక కారణము కూడ కలదు. ఆ దేశమున పొగాకు వ్యాపారము 1985 వరకు ప్రభుత్వపు గుత్తగానే యుండినది. తరువాత ఏర్పడిన కంపెనీలో సయితము మూడవ వంతునకు తగ్గకుండ వాటాలు ప్రభుత్వముచేతనే యుండవలెనని చట్టము. 1966వ సంవత్సరపు లెక్కలో వయస్సు వచ్చిన పురుషులలో నూటికి 83 మందికి పైగా పొగత్రాగువారే. అమ్ముటయందు వాటా కలవాడును, పన్ను పుచ్చుకొనువాడును ఒకడే యైనపుడు, త్రాగవలదని చెప్పుటకంటె మర్యాదగా త్రాగుమని చెప్పుటయే సులభముగ నుండును. కావుననే బహుకాలము జపానులో 'మర్యాద' అను మాటయే ప్రకటనలలో వినబడినది. పీకలను వీధిలో పారవేయకుండ జేబులో ఉంచుకొను చిన్న మూతగల యాష్‌ట్రేలు వచ్చినవి. నడచుచు కాల్చువాని చేతి సిగరెట్టు బిడ్డ కంటి యెత్తున ఉండునని ఎరుకపరచు బొమ్మలు వెలసినవి. టోక్యోలోని చియోదా పేట 2002 అక్టోబరునుండి తన వీధులలో నడచుచు పొగత్రాగుటను మానిపింప బూనుకొని, మీరినవారిపై 2,000 యెన్నుల సొమ్ము విధించినది. ఇట్లు బయటి వీధిలో నిషేధము ముందు వచ్చి, నాలుగు గోడల లోపలికి చాల ఆలస్యముగ వచ్చినది. ఇది మనకు తలక్రిందుగ తోచును.

నాలుగు గోడల లోపలి పొగయే యెక్కువ హానికరమని లోకమునకు చాటినవారిలో ఒక జపాను శాస్త్రజ్ఞుడు ఉండుట గమనింపదగినది. ఆయన పేరు హిరయామా తకేషి. తాము పొగత్రాగని 91,540 మంది గృహిణుల ఆరోగ్యమును 14 ఏండ్లపాటు పరిశీలించి, 1981లో ఆయన తన ఫలితములను బ్రిటిషు వైద్యపత్రిక యందు ప్రకటించెను. భర్త ఎంత యెక్కువగ సిగరెట్లు కాల్చువాడైన, భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సరు అపాయము అంత యెక్కువగ నున్నట్లు తేలినది. ఆ ఇల్లాండ్రు ఒక్క సిగరెట్టునైన ముట్టినవారు కారు. పొగాకు వ్యాపారులు ఈ ఫలితములను ఖండింప చాల పాటుపడిరి. కాని తరువాత పలుదేశములలో జరిగిన పరిశోధనలు ఆయన మాటనే బలపరచినవి.

2003 మేనెలలో అమలునకు వచ్చిన ఆరోగ్యాభివృద్ధి చట్టము, పదిమంది కూడు స్థలముల యజమానులు ప్రక్కవారి పొగనుండి ప్రజలను కాపాడుటకు 'ప్రయత్నింపవలెను' అని మాత్రము చెప్పినది. ప్రయత్నింపనివానికి శిక్ష లేదు. పదునైదేండ్లు గడచిన పిమ్మట, 2018 జూలైలో ఆ చట్టమును సవరించిరి. పాఠశాలలు, వైద్యశాలలు, ప్రభుత్వ కార్యాలయములు 2019 జూలైనుండి దాని క్రిందికి వచ్చినవి. తక్కిన భోజనశాలలు, దుకాణములు, వానితోపాటు ఇంటర్నెట్ కేఫులు 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి దానికి లోబడినవి. నాటితో అరలోని యాష్‌ట్రేకు కాలము చెల్లినది.

నేటి నియమము లిట్లున్నవి. కప్పు క్రింద ఎక్కడను సిగరెట్టు ముట్టింపరాదు. ముట్టింపవలెనన్న అందులకే కట్టిన గదిలోనికి పోవలెను. ఆ గదికి గోడలు, పైకప్పు పూర్తిగ ఉండవలెను. తలుపు తీసినపుడు గాలి బయటినుండి లోనికి సెకనుకు 0.2 మీటరుకు తగ్గని వేగముతో వీచవలెను. లోని పొగ ఇంటి వెలుపలికే పోవలెను. ఆ గదిలో పొగత్రాగుట తప్ప వేరు పని చేయరాదు. కాఫీ గిన్నె పట్టుకొని పోరాదు, తినరాదు, అక్కడ కంప్యూటరు పెట్టరాదు. 20 ఏండ్లు నిండనివారిని లోనికి రానీయరాదు; దుకాణపు పనివారికిని ఇదియే వర్తించును. గది యున్నట్లు వాకిట గుర్తు పలక తగిలింపవలెను. చెప్పినను వినక మీరినవానికి 3 లక్షల యెన్నులవరకును, బాధ్యత మరచిన యజమానికి 5 లక్షల యెన్నులవరకును సొమ్ము విధింపవచ్చును. 20 ఏండ్లను గూర్చిన నియమము క్రొత్తది కాదు. నెమొతో షో అను శాసనసభ్యుని పట్టుదలవలన 1900లోనే పిన్నవయస్కుల ధూమపానమును నిషేధించు చట్టము అక్కడ పుట్టినది. 2022లో యుక్తవయస్సును 18కి తగ్గించినను, సిగరెట్టు విషయమున 20నే నిలిపియుంచిరి.

ఇవి చట్టము చెప్పు మాటలు. చట్టము చెప్పక మర్యాదకు వదలిన మాటలు మరికొన్ని కలవు. అరల మధ్య నడచునపుడు అడుగుల చప్పుడు కారాదు. ఫోనులో మాటలాడవలెనన్న బయటికి పోవలెను. పొగగది తలుపు వెనువెంటనే మూయవలెను. పీకను పూర్తిగ ఆర్పవలెను. పుస్తకములును పరుపులును నిండిన చోట ఒక్క నిప్పురవ్వ చాలును. పని ముగించుకొని ఎదురుచూచువానికి చోటియ్యవలెను. గదినుండి వచ్చినవాడు వెంటనే అరలోనికి దూరక కొంతసేపు నిలుచుట మేలు. ఏలననగా త్రాగినవాని ఊపిరినుండియు బట్టలనుండియు వాసన కొంతసేపు వెడలుచునే యుండును. నారా మండలములోని ఇకోమా నగర కార్యాలయము 2018 ఏప్రిల్‌నుండి, పొగత్రాగి వచ్చిన ఉద్యోగులు 45 నిమిషములపాటు లిఫ్టు ఎక్కరాదని నియమించినది. ప్రక్కవాడు నియమము మీరినపుడు గోడ తట్టి తగవులాడుట అక్కడి పద్ధతి కాదు. గుమాస్తాకు మెల్లగ తెలిపినచో ఆతడే పోయి చెప్పును. క్రొత్తగ పోయినవారు ఈ సంగతి మరువరాదు.

చట్టము ఒక కిటికీని మాత్రము తెరచియే యుంచినది. పొగాకును కాల్చక వేడిచేసి పీల్చు పరికరములు 2014లో నాగోయా నగరమున అమ్మకమునకు వచ్చి, 2016 నాటికి దేశమంతట వ్యాపించినవి. వానివలన ప్రక్కవానికి కలుగు హాని ఎంతయో ఇంకను తేలలేదని చెప్పి, వానికై వేరుగా గదులు ఏర్పరచుకొనవచ్చుననియు, ఆ గదులలో తినుట త్రాగుట కూడ చేయవచ్చుననియు శాసనకర్తలు అనుమతించిరి. అందుచేత కొన్ని కేఫులలో ఈ పరికరముల వారికై కంప్యూటరు అరలు గల ప్రత్యేక భాగములున్నవి. పొగ కనబడదు, బూడిద రాలదు. కాని అందును పొగాకే కలదు, నికోటినే కలదు. అక్కడికి మామూలు సిగరెట్టు తీసికొనిపోయినను చట్టరీత్యా తప్పే. హాని తేలనిచోట ప్రక్కవానికి అనుకూలముగ నడచుకొనుటయే పెద్దమనుష్యుల లక్షణమని మా అభిప్రాయము.

ఒక చిన్న దుకాణపు గాలిని గూర్చి ఇంత వివరింప నేలయని మీకు తోచవచ్చును. ఆ పలకగోడకు ఆవల ఎవరున్నారో చూచినచో కారణము తెలియును. టోక్యో ప్రభుత్వము జరిపించిన విచారణ ఫలితములు 2018 జనవరిలో వెలువడినవి. నగరపు కేఫులలో పనిదినమున రాత్రి గడపువారు సుమారు 15,000 మంది. వారిలో నిలువ ఇల్లు లేనివారు సుమారు 4,000 మంది యని అందు అంచనా వేసిరి. పగలు కూలియో చిన్న కొలువో చేసికొని, ఇంటి బాడుగకు కావలసిన బయానా కూడక, రాత్రికి రాత్రి అర పుచ్చుకొనువారు వీరు. కోవిడ్ కారణమున 2020 ఏప్రిల్‌లో కేఫులను మూయవలసిరాగా, వీరికై ప్రభుత్వము హోటలు గదులను వెదకవలసి వచ్చినది. చివరి రైలు తప్పినవానికి ప్రక్క గది పొగ ఒక్క రాత్రి బాధ. ఇల్లు లేనివానికి అది ప్రతిరాత్రి పీల్చు గాలి. వాడు లేచి వేరొక గదికి పోవలెనన్న పోవుటకు గది లేదు. రాత్రియంతయు అరలు తుడుచుచు, దుప్పట్లు అందించుచు తిరుగు పనివాని సంగతియు ఇంతే.

ఇందొక విశేషము కలదు. అదే చట్టము హోటలులోని అతిథి గదిని ఇంటితో సమానముగ నెంచి, దానికి ఈ నిషేధమును వర్తింపజేయలేదు. తలుపు వేసికొన్నవాని గాలి వానిదని దాని తలంపు. కేఫులోని అర మాత్రము, అందు మనిషి నిద్రించుచున్నను, పదిమందిదే యని నిర్ణయించినది. ఇల్లు లేనివానికి ఇది ఒక విధముగ లోటే. తన అరలో తాను సిగరెట్టు ముట్టించుకొను స్వేచ్ఛ వానికి లేదు. కాని అదే నియమము ప్రక్క అరలోని మరియొక నిరుపేద నిద్రను కాపాడుచున్నది. రెండింటిని తూచినపుడు చట్టము ఊపిరి పక్షమున నిలిచినది. అది సరియైనదే యని మేము తలంచుచున్నాము.

మన దేశమునను 2008 అక్టోబరు 2వ తేదీనుండి బహిరంగ స్థలములలో ధూమపానము నిషిద్ధము. మీరినవానికి 200 రూపాయలవరకు జుల్మానా. కాని ఇట్టి చట్టములు సాధారణముగ ఇంటి గడప దాటి లోనికి రావు. హిరయామా పరిశీలించిన ఇల్లాండ్రు కేఫులలో కూర్చున్నవారు కారు. తమ యిండ్లలో కూర్చున్నవారు. వారెవ్వరును గోడ తట్టలేదు, గుమాస్తాతో చెప్పుకొనలేదు. కనుక ఇంటిలో రేడియో చెంత కూర్చుండి మా మాటలు వినుచు చుట్టయో సిగరెట్టో ముట్టింపబోవు గృహస్థునకు మా విన్నపము ఒక్కటే. ప్రక్క గదిలో దగ్గు వినబడువరకు వేచియుండక, అగ్గిపెట్టె తీసికొని వాకిటిలోనికి దయచేయుడు. మానుకొనగలిగినచో మరియు మంచిది. మేము ఆ యువకుని నమస్కారమును చూచిన కొన్ని మాసములకు మానుకొంటిమి; కష్టమైనను అసాధ్యము కాలేదు.

ఇక సెలవు.